తానే నడిచే బండికి ఎలాంటి కళ్ళు కావాలి?

విద్యార్థులారా! చిన్నప్పుడు మీరంతా కళ్ళగంతలాట ఆడే ఉంటారు. కళ్ళకు గుడ్డ కట్టుకున్నవాడు ఎలా నడుస్తాడో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చేతులు ముందుకు చాస్తాడు. చెవులు రిక్కించి వింటాడు. ఒక్కొక్క అడుగే వేస్తాడు. చేతికి గోడ తగిలితే ఆగి, పక్కకు తిరుగుతాడు. కళ్ళు మూసి ఉన్నా చేతులు, చెవులు, కాళ్ళు అతనికి దారి చెబుతూనే ఉంటాయి.

ఆ ఆటలో ఇంకొక సంగతి కూడా ఉన్నది. చేతికి ఏమీ తగలనంత మాత్రాన అతడు పరుగు తీయడు. 'ముందు ఏమీ లేదు' అనుకోడు. 'ముందు ఏమున్నదో నాకింకా తెలియలేదు' అనుకుంటాడు. ఈ రెండు మాటలూ పైకి ఒకటిగానే కనబడతాయి. కాని వీటి మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. అది ఎంత పెద్దదో ఈ పాఠం చివరకు మీకే తెలుస్తుంది.

మనిషి చెయ్యి వేయకుండా తనంతట తానే నడిచే చిన్న బండిని తయారుచేయాలని మీలో చాలామందికి కోరిక ఉంటుంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకం కింద ఎన్నో బడులకు ఆర్డుయినో బోర్డులు, మోటార్లు, సెన్సర్లు వచ్చాయి. ల్యాబ్ లేనివారు ఎలక్ట్రానిక్ సామాను అమ్మే దుకాణంలో కొనుక్కోవచ్చు. అయితే దుకాణంలో నిలబడితే ఒక చిక్కు వస్తుంది. అక్కడ పదుల రకాల సెన్సర్లు ఉంటాయి. ఏది కొనాలి? ఖరీదైనదే మంచిదా? ఎక్కువ కొంటే బండి తెలివి పెరుగుతుందా? ఈ విషయం ఇప్పుడు తెలుసుకుందాం.

ఒక కన్ను, ఒక చర్మం

తనంతట తానే నడిచే ఏ బండికైనా మూడు పనులు తప్పవు: తెలుసుకోవడం, నిర్ణయించడం, కదలడం. మన శరీరంలో ఈ పనులను జ్ఞానేంద్రియాలు, మెదడు, కండరాలు చేస్తాయి. బండిలో సెన్సర్లు, ఎలక్ట్రానిక్ బోర్డు, మోటార్లు చేస్తాయి. శరీరానికి ఆహారం ఎలాగో బండికి బ్యాటరీ అలాగ.

ఇందుకు ఖరీదైన సామాను అక్కరలేదని చాలాకాలం కిందటే రుజువైంది. 1948–49 సంవత్సరాలలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త తాబేళ్ళ వంటి రెండు యంత్రాలను నిర్మించాడు. వాటికి ఎల్మర్, ఎల్సీ అని పేర్లు పెట్టాడు. అప్పటికి ఇప్పటి కంప్యూటర్ చిప్‌లు లేవు. ఒక్కొక్క తాబేలుకు వెలుగును పసిగట్టే కన్ను ఒకటి, డిప్పకు ఏదైనా తగిలితే తెలిపే స్పర్శ ఏర్పాటు ఒకటి ఉండేవి. మెదడుగా రెండు రేడియో వాల్వులు పనిచేసేవి. అంతే! ఆ కాస్త సామానుతోనే అవి వెలుగు వైపు నడిచేవి, అడ్డు తగిలితే వెనక్కు జరిగి పక్కదారి చూసుకునేవి. చూడవచ్చినవారు వాటికి ప్రాణమున్నదేమో అని ఆశ్చర్యపోయేవారు.

కనుక ఎన్ని సెన్సర్లు ఉన్నాయన్నది ముఖ్యం కాదు. పనికి తగిన సెన్సర్ ఉన్నదా అన్నదే ముఖ్యం.

కొనే ముందు మూడు ప్రశ్నలు

ఏ సెన్సర్ కొనే ముందైనా ఈ మూడు ప్రశ్నలు నోటుపుస్తకంలో రాసుకోండి.

1. ఈ సెన్సర్ చెప్పే మాట విని బండి ఏ నిర్ణయం తీసుకోవాలి?
2. ఆ మాట ఎంత ముందుగా అందాలి?
3. సెన్సర్‌కు ఏమీ తెలియనప్పుడు అది ఏమని చెబుతుంది?

మొదటి రెండు ప్రశ్నలు అందరికీ తోస్తాయి. మూడవది తోచేది కొద్దిమందికే. నిజానికి బండ్లు పాడయ్యేది ఎక్కువగా మూడవ ప్రశ్న దగ్గరే.

ఉదాహరణకు మనం ఒక బండి తయారుచేద్దాం. నేల మీద అతికించిన నల్లటి టేపు వెంట అది సాగిపోవాలి. దారికి అడ్డంగా ఏదైనా ఉంటే తగలకముందే ఆగాలి. దాని వేగం సెకనుకు 50 సెంటీమీటర్లు అనుకుందాం.

గీతను చూసే కన్ను

తెల్లటి వస్తువు తన మీద పడిన కాంతిలో ఎక్కువ భాగాన్ని పరావర్తనం చేస్తుంది. నల్లటి వస్తువు ఎక్కువ భాగాన్ని శోషించుకుంటుంది. గీతను చూసే సెన్సర్ పని అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

దుకాణంలో టి.సి.ఆర్.టి.5000 అనే చిన్న నల్లటి సెన్సర్ దొరుకుతుంది. అందులో పక్కపక్కనే రెండు గదులు ఉంటాయి. ఒక గదిలోని దీపం మన కంటికి కనబడని పరారుణ కాంతిని పంపుతుంది. దాని తరంగదైర్ఘ్యం 950 నానోమీటర్లు. రెండవ గదిలో ఉన్న ఫొటోట్రాన్సిస్టర్ తిరిగివచ్చిన కాంతిని గ్రహిస్తుంది. కాంతి ఎక్కువగా తిరిగివస్తే అందులోంచి విద్యుత్ ప్రవాహం పెరుగుతుంది. తక్కువగా వస్తే తగ్గుతుంది. ఈ సెన్సర్ నేలకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులోనే బాగా చూడగలదు. కాబట్టి దీనిని బండి అడుగున, నేలకు దగ్గరగా బిగించాలి.

ఇటువంటివి రెండు కావాలి. టేపుకు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి వచ్చేటట్లు అమర్చండి. రెండింటి కిందా తెలుపు ఉంటే బండి నేరుగా పోతుంది. ఎడమ సెన్సర్ కింద నలుపు వస్తే బండి కుడికి జరిగిందన్నమాట. కనుక ఎడమకు తిరగాలి. కుడి సెన్సర్ కింద నలుపు వస్తే కుడికి తిరగాలి. రెండింటి కిందా నలుపు వస్తే గమ్యం చేరినట్లు, ఆగాలి. చూశారా, ఎంత తేలికో!

మరి ఇందులో లోపం ఎక్కడున్నది? మీరే ఆలోచించండి. ఈలోగా మీకొక అనుభవం చెబుతాను.

ప్రదర్శనలో పడిపోయిన బండి

కొన్నేళ్ళ కిందట మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు సరిగ్గా ఇటువంటి బండినే తయారుచేశారు. ప్రయోగశాలలో బల్ల మీద నల్ల టేపు అతికించి, నెల రోజులపాటు నడిపి చూశారు. ఒక్కసారి కూడా గీత తప్పలేదు. జిల్లా సైన్సు ప్రదర్శనకు ఎంతో ఉత్సాహంగా తీసుకువెళ్ళాం.

మాకిచ్చిన చోటు షామియానా అంచున ఉన్నది. పొద్దున బండి చక్కగా నడిచింది. మధ్యాహ్నం మూడు గంటలకు న్యాయనిర్ణేతలు వచ్చేసరికి పడమటి ఎండ ఏటవాలుగా బల్ల మీద పడుతున్నది. స్విచ్ వేయగానే బండి నాలుగు జానలు పోయి, మలుపు దగ్గర గీతను పట్టించుకోకుండా నేరుగా ముందుకు దూసుకుపోయి బల్ల మీదనుంచి కింద పడింది. చక్రం ఒకటి ఊడింది. పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

"సెన్సర్ పాడైపోయింది సార్, మంచి కంపెనీది కొనాల్సింది" అన్నాడు వారిలో ఒకడు. ఒక అమ్మాయి మాత్రం మాట్లాడకుండా చక్రం బిగించి, బండిని మళ్ళీ గీత మీద పెట్టి, తన నోటుపుస్తకాన్ని ఎండకు అడ్డంగా పట్టింది. బండి మలుపు తిరిగింది! పుస్తకం తీసింది, గీత తప్పింది.

అసలు సంగతి ఇది. సూర్యకాంతిలో పరారుణ కిరణాలు పుష్కలంగా ఉంటాయి. ఎండ నేరుగా సెన్సర్ కిందికి చొరబడినప్పుడు ఫొటోట్రాన్సిస్టర్‌కు అన్నివైపుల నుంచీ కాంతి అందింది. అది తన దీపపు కాంతి అవునో కాదో దానికేం తెలుసు? 'కాంతి ఎక్కువగా ఉన్నది, కింద తెలుపే' అని చెప్పింది. రెండు సెన్సర్లూ తెలుపు అంటే బండి ఏం చేయాలి? నేరుగా పోవాలి. పోయింది, పడింది. సెన్సర్ పాడవలేదు. అది కళ్ళు బైర్లు కమ్మి, ఏమీ కనబడని స్థితిలో 'అంతా తెలుపే' అన్నది. బండి ఆ మాట నమ్మింది.

మూడవ ప్రశ్నకు జవాబు మేము ముందుగా రాసుకుని ఉంటే ఆ రోజు బండి పడిపోయేది కాదు. ఇంటికి వచ్చాక రెండు మార్పులు చేశాం. మొదటిది, సెన్సర్ల చుట్టూ నేలను తాకీతాకనట్టు నల్ల అట్టతో చిన్న గోడ కట్టాం. ఖర్చు ఏమీ లేదు. రెండవది, ప్రోగ్రాములో ఒక్క వాక్యం చేర్చాం: రెండు సెకన్లపాటు ఎక్కడా నలుపు కనబడకపోతే ఆగిపో. గీత నిజంగా నేరుగా ఉన్నా బండి అటూఇటూ కాస్త ఊగుతూ అప్పుడప్పుడు నలుపును తాకుతూనే ఉంటుంది కాబట్టి, రెండు సెకన్ల మౌనం అనుమానించదగినదే.

అడ్డును వినే చెవి

ఇప్పుడు అడ్డు సంగతి చూద్దాం. గబ్బిలం చీకటిలో ఎలా ఎగురుతుందో పాఠంలో చదివారు గదా! అది అతిధ్వనులను పంపి, ప్రతిధ్వనిని వింటుంది. హెచ్.సి.–ఎస్.ఆర్.04 అనే సెన్సర్ కూడా అదే పని చేస్తుంది. రెండు కళ్ళలా కనబడే దాని గుండ్రటి భాగాలలో ఒకటి నోరు, మరొకటి చెవి. బోర్డు ఆజ్ఞ ఇవ్వగానే అది 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం గల ధ్వనిని చిన్న గుక్కగా పంపుతుంది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకానే వినగలదు కనుక అది మనకు వినబడదు. ధ్వని పోయి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని సెన్సర్ తెలుపుతుంది. దాని నుంచి దూరం మనం లెక్కకట్టుకోవాలి.

దూరం = ధ్వని వేగం × కాలం ÷ 2

రెండుతో ఎందుకు భాగించాం? ధ్వని పోవడమూ రావడమూ కలిసి రెండింతల దూరం కాబట్టి.

ధ్వని వేగం 0 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు 331 మీటర్లు. ప్రతి డిగ్రీకీ సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఎంత? 331 + 18 = 349 మీటర్లు. ప్రతిధ్వని రావడానికి 0.006 సెకను పట్టిందనుకోండి. దూరం = 349 × 0.006 ÷ 2 = 1.047 మీటర్లు. పొరపాటున 331 అని వేసుకుంటే 0.993 మీటరు వస్తుంది. అయిదు సెంటీమీటర్లకు పైగా తేడా! మన ఎండలకు తగిన విలువ మనమే వేసుకోవాలి.

ఈ సెన్సర్ 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా దూరాన్ని కొలవగలదు. ఎండ అయినా, చీకటి అయినా దానికి ఒకటే. అద్దాన్ని కూడా గుర్తిస్తుంది. ఖరీదు కూడా వంద రూపాయలకు అటూ ఇటూ.

మరి మూడవ ప్రశ్న? దీనికి ఏమీ తెలియని సందర్భాలు ఉన్నాయా? ఉన్నాయి. గోడ ఏటవాలుగా ఉంటే ధ్వని బంతిలా పక్కకు ఎగిరిపోతుంది, తిరిగి రాదు. ముందు దుప్పటి గాని, దూది వంటి మెత్తటి వస్తువు గాని ఉంటే ధ్వనిని చాలావరకు శోషించుకుంటుంది. సన్నటి కుర్చీ కాలు నుంచి తిరిగివచ్చే ధ్వని చాలా తక్కువ. ప్రతిధ్వని రాకపోవడానికి ముందు ఏమీ లేకపోవడం ఒక కారణం కావచ్చు. ఉన్నది కనబడకపోవడం మరొక కారణం కావచ్చు. సెన్సర్‌కు ఈ రెండూ ఒకటే.

అందుకే దీనికి తోడుగా ఇంకొక సెన్సర్ కావాలి. అన్నిటికన్నా చవకైనది, పాతది: స్పర్శ. బండి ముందు ఒక పలుచటి రేకు పట్టీ పెట్టి, దాని వెనుక చిన్న మైక్రోస్విచ్ బిగించండి. మిగతావన్నీ మోసపోయినా, పట్టీకి ఏదైనా తగిలితే బండి ఆగుతుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉన్నది. మైక్రోస్విచ్‌కు మూడు కాళ్ళు ఉంటాయి. ఒక విధంగా కలిపితే, నొక్కినప్పుడు విద్యుత్తు ప్రవహిస్తుంది. మరొక విధంగా కలిపితే మామూలుగా ప్రవహిస్తూ ఉండి, నొక్కినప్పుడు ఆగుతుంది. ఏది ఎన్నుకుంటారు? మొదటి పద్ధతిలో తీగ తెగిపోయిందనుకోండి. విద్యుత్తు రాదు, 'ఏమీ తగలలేదు' అని బోర్డు అనుకుంటుంది. బండి గోడను గుద్దుతూనే ఉంటుంది. రెండవ పద్ధతిలో తీగ తెగితే విద్యుత్తు ఆగుతుంది. 'ఏదో తగిలింది' అని బోర్డు బండిని ఆపేస్తుంది. మీరు వచ్చి చూసి తీగ బాగుచేస్తారు. రెండు పద్ధతులకూ ఖర్చు ఒక్కటే. కాని రెండవదానిలో తెలియనితనం 'ఆగు' అనే మాటగా మారింది!

రైల్వేవారికి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. పూర్వం స్తంభం మీద చెయ్యిలాంటి పలక ఉన్న సిగ్నళ్ళు ఉండేవి. పలక అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వాలితే పొమ్మని అర్థం. వాల్చడానికి దూరాన ఉన్న కేబిన్ నుంచి తీగ లాగేవారు. ఆ తీగ తెగితే, స్తంభానికి ఉన్న బరువు పలకను మళ్ళీ అడ్డంగా నిలిపేది. అనగా సిగ్నల్ చెడిపోతే రైలు ఆగేది.

ఎంత దూరం కనబడితే చాలు?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు లెక్క వేద్దాం. అతిధ్వని సెన్సర్‌తో ఒక కొలతకూ మరొక కొలతకూ మధ్య కనీసం 60 మిల్లీసెకన్లు వ్యవధి ఇవ్వాలి. లేకపోతే పాత ప్రతిధ్వని కొత్తదానితో కలిసిపోతుంది. సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో పోయే బండి ఆ వ్యవధిలో 50 × 0.06 = 3 సెంటీమీటర్లు పోతుంది. ఒక కొలత తప్పిందనుకుంటే రెండు కొలతల కాలం, అంటే 6 సెంటీమీటర్లు. ఆపైన మోటార్లకు విద్యుత్తు ఆపినా బండి జడత్వం వల్ల ఇంకొంత దూరం దొర్లుతుంది. దానిని స్కేలుతో కొలవండి. 12 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. మొత్తం 18. జాగ్రత్త కోసం కొంత కలిపి 30 సెంటీమీటర్ల వద్ద ఆగమని ప్రోగ్రాము రాస్తే సరి. కాబట్టి 4 మీటర్ల సెన్సర్ మనకు ధారాళంగా సరిపోతుంది. ఇంతకన్నా దూరం చూసే ఖరీదైన సెన్సర్ కొంటే డబ్బు దండగ.

అదే నిజమైన కారు సంగతి? గంటకు 60 కిలోమీటర్లు అంటే సెకనుకు 16.7 మీటర్లు. డ్రైవరు చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడితే, ఈలోగా కారు 16.7 మీటర్లు పోతుంది. రుణత్వరణం సెకను వర్గానికి 6 మీటర్లు అనుకుంటే, ఆగేవరకు పోయే దూరం వేగం వర్గాన్ని 12తో భాగిస్తే వస్తుంది: సుమారు 23 మీటర్లు. మొత్తం 40 మీటర్లు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక పోయే దూరం నాలుగింతలవుతుంది. సెన్సర్ ఎంత దూరం చూడాలో దుకాణదారు చెప్పడు. బండి వేగం చెబుతుంది.

కెమెరా పెడితే సరిపోదా?

'ఇన్ని సెన్సర్లెందుకు, ఒక కెమెరా పెడితే పోలా?' అని మీకు తోచవచ్చు. కెమెరా చాలా విషయాలు చూడగలదు, నిజమే. కాని చూసినదానిని అర్థం చేసుకునే మెదడు కావాలి గదా! 320 నిలువు వరుసలు, 240 అడ్డ వరుసలు గల చిన్న బొమ్మను తీసుకోండి. అందులో చుక్కలు 320 × 240 = 76,800. నలుపు తెలుపు బొమ్మకు చుక్కకొక బైటు చొప్పున 76,800 బైట్లు కావాలి. ఆర్డుయినో ఊనో బోర్డులో పని చేసుకునే జ్ఞాపకశక్తి ఎంతో తెలుసా? 2,048 బైట్లు! ఒక్క బొమ్మ కూడా అందులో పట్టదు. ఇక సెకనుకు 30 బొమ్మల మాటేమిటి?

అదే బోర్డు గీత సెన్సర్లకు, అతిధ్వని సెన్సర్‌కు కావలసినదానికన్నా ఎక్కువే. సెన్సరు, మెదడు జోడెడ్ల వంటివి. ఒకదానికి తగినది మరొకటి ఉండాలి. కెమెరా కావాలంటే రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు కూడా కావాలి. దానికి పెద్ద బ్యాటరీ కావాలి. బరువు పెరుగుతుంది, ఆగే దూరమూ పెరుగుతుంది. మొదటి బండికి వద్దు.

కండరాలు, ఆహారం

బోర్డు కాళ్ళకు మోటారును నేరుగా కలపవద్దు సుమా! ఊనో బోర్డులోని ఒక్కొక్క కాలు 20 మిల్లీ ఆంపియర్లు ఇస్తే హాయిగా ఉంటుంది. 40 దాటితే కాలిపోతుంది. పిల్లలు వాడే పసుపుపచ్చ గేరు మోటారు బయలుదేరేటప్పుడు ఒక ఆంపియర్ దాకా లాగవచ్చు. కనుక మధ్యలో మోటార్ డ్రైవర్ ఉండాలి. ఎల్298ఎన్ అనేది విరివిగా దొరుకుతుంది. కాని అది తన దారిలోనే సుమారు 2 వోల్టులు తినేస్తుంది. బ్యాటరీ ఎన్నుకునేటప్పుడు ఈ నష్టాన్ని లెక్కలో వేసుకోవాలి.

బ్యాటరీ దగ్గర మరొక పొరపాటు తరచుగా జరుగుతుంది. చిన్న దీర్ఘచతురస్రాకారపు 9 వోల్టుల బ్యాటరీని చూసి 'వోల్టులు ఎక్కువ గదా' అని కొంటారు. దాని అంతర్నిరోధం ఎక్కువ. కాస్త వాడిన బ్యాటరీలో అది 3 ఓమ్‌లు అనుకోండి. రెండు మోటార్లూ ఒకేసారి బయలుదేరి 2 ఆంపియర్లు లాగితే లోపలే 2 × 3 = 6 వోల్టులు పోతాయి. బయటకు మిగిలేది 3 వోల్టులే. ఆ క్షణంలో బోర్డు మూర్ఛపోయి, మళ్ళీ మొదటినుంచి ప్రోగ్రాము మొదలుపెడుతుంది. బండి ఉలిక్కిపడుతూ అక్కడక్కడే తిరుగుతుంది. మీరేమో సెన్సర్‌ను తిట్టుకుంటారు! తిరిగి చార్జి చేయగల 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు ఆరింటిని వరుసగా కలిపితే 7.2 వోల్టులు వస్తాయి; అంతర్నిరోధం తక్కువ. లిథియం సెల్లులు ఇంకా బలమైనవే గాని, రెండు కొసలూ పొరపాటున కలిస్తే మంటలు రావచ్చు. ఉపాధ్యాయుల సమక్షంలో తప్ప వాటిని ముట్టుకోవద్దు.

పెద్ద బండ్లు నేర్పిన పాఠాలు

ఇప్పుడు బొమ్మబండి నుంచి నిజమైన కార్ల దగ్గరకు వెళదాం. మన మూడు ప్రశ్నలూ అక్కడ కూడా పనికివస్తాయా?

అమెరికా రక్షణశాఖకు చెందిన డార్పా సంస్థ 2004లో మొహావీ ఎడారిలో మనిషి లేని బండ్లకు పందెం పెట్టింది. గెలిచినవారు ఎవరూ లేరు. అన్నిటికన్నా ముందుకు పోయిన బండి కూడా 12 కిలోమీటర్లు దాటలేదు. మరుసటి ఏడు 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి 'స్టాన్లీ' అనే బండి 212 కిలోమీటర్ల దారిని 7 గంటల లోపే పూర్తిచేసి గెలిచింది.

స్టాన్లీ పైకప్పు మీద అయిదు లైడార్లు ఉండేవి. లైడార్ కూడా ప్రతిధ్వని సూత్రం వంటిదే. ధ్వనికి బదులు లేజర్ కాంతిని పంపుతుంది. అయితే ఆ లైడార్లు అడ్డును నమ్మకంగా గుర్తించగలిగిన దూరం సుమారు 22 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగం దాకా అది చాలు. అంతకన్నా వేగంగా పోవాలంటే? దానికి కెమెరా సాయం తీసుకున్నారు. దగ్గరి నేలలో ఏది మంచి దారో లైడార్ చెబుతుంది. ఆ రంగు నేల దూరాన ఎక్కడిదాకా ఉన్నదో కెమెరా చూస్తుంది. దారి స్పష్టంగా లేకపోతే బండి వేగం తగ్గించుకుంటుంది. కళ్ళగంతల కుర్రవాడు చేసిన పని ఇదే గదా!

రెండవది విషాదకరమైన పాఠం. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, పరీక్ష కోసం నడుస్తున్న స్వయంచాలిత కారు ఒకటి, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొట్టింది. ఆమె మరణించింది. ప్రభుత్వ దర్యాప్తులో తేలిన సంగతి వినండి. కారులోని రాడార్ ఆమెను 5.6 సెకన్ల ముందే గుర్తించింది. అప్పుడు కారు వేగం గంటకు సుమారు 70 కిలోమీటర్లు. అంటే ఆమె ఇంకా వంద మీటర్లకు పైగా దూరాన ఉన్నది. ఆగడానికి కావలసినంత దూరం ఉన్నది. కాని ఆ వస్తువు ఏమిటో కారు తేల్చుకోలేకపోయింది. ఒకసారి వాహనం అన్నది, ఒకసారి మరేదో అన్నది, ఒకసారి సైకిలు అన్నది. పేరు మార్చిన ప్రతిసారీ, ఆ వస్తువు అంతకుముందు ఎటు కదిలిందో మరచిపోయి కొత్తగా లెక్క మొదలుపెట్టింది. స్టీరింగు ముందు కూర్చున్న మనిషి చూపు కూడా రోడ్డు మీద లేదు.

సెన్సర్లు చూశాయి. కాని 'నాకు తెలియడం లేదు' అన్నప్పుడు ఏం చేయాలో ఆ కారుకు ఎవరూ సరిగా నేర్పలేదు. తెలియనప్పుడు నెమ్మదించు, ఆగు అని నేర్పి ఉంటే ఒక ప్రాణం నిలిచేదేమో!

మీరు తయారుచేసే బండి బల్ల మీదనుంచి పడితే చక్రం ఊడుతుంది, అంతే. కాని రేపు మీలో ఒకరు నిజమైన బండ్లకు కళ్ళు అమర్చే ఇంజనీరు కావచ్చు. ఆ మూడవ ప్రశ్నను ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

చేసి చూడండి

1. టీవీ రిమోట్‌ను మొబైల్ ఫోను కెమెరా ముందు పట్టుకుని బటను నొక్కండి. కంటికి కనబడని పరారుణ దీపం చాలా ఫోన్ల తెర మీద లేత ఊదా రంగులో మెరుస్తుంది. ముందు కెమెరాతోనూ, వెనుక కెమెరాతోనూ చూడండి. తేడా ఉన్నదా?

2. గీత సెన్సర్‌ను బోర్డుకు కలిపి, తెల్లకాగితం మీద, నల్ల టేపు మీద, నల్ల గుడ్డ మీద వచ్చే అంకెలను పట్టికగా రాయండి. గదిలో ఒకసారి, వరండాలో ఒకసారి, ఎండలో ఒకసారి కొలవండి. కంటికి నల్లగా కనబడేదంతా సెన్సర్‌కు కూడా నలుపేనా?

3. అతిధ్వని సెన్సర్‌కు 50 సెంటీమీటర్ల దూరంలో అట్టను నిటారుగా నిలపండి. అట్టను మెల్లగా పక్కకు తిప్పుతూ పోండి. ఎన్ని డిగ్రీల వద్ద సెన్సర్‌కు అట్ట కనబడకుండా పోతుంది? అట్ట బదులు మడతపెట్టిన దుప్పటితో మళ్ళీ చేయండి.

4. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. ప్రతిధ్వని 0.004 సెకనులో వచ్చింది. అడ్డు ఎంత దూరంలో ఉన్నది?

5. మీ బండి వేగాన్ని రెట్టింపు చేశారు. ఆగమని చెప్పే దూరాన్ని కూడా రెట్టింపు చేస్తే సరిపోతుందా? పాఠంలోని లెక్కను చూసి కారణం రాయండి.